కాలవలాయన పక్కన చోటు

మా వియ్యంకుడు గారు పోయారన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది. రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళు పొద్దున్నకి ఇంటికి తెస్తారన్న నమ్మకంతో ఆయన కోసం జావ కాస్తున్నాను. మా అల్లుడు ఫోనులో "అత్తయ్యా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. నేనే "సరే బాబూ, నెమ్మదిగా రా, రోడ్డు మీద మంచుంది" అని పెట్టేశాను. జావ దించాను. దించిన జావని ఏం చేయాలో తోచక చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

అది జనవరి నెల. మొన్న ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు శనివారం వరకూ ఆయన్ని మట్టిలో పెట్టలేదు. ఈ మధ్యకాలమంతా మన ప్రార్థన కూడికలో నా గురించి ఏమనుకున్నారో నాకు తెలుసు. ముసలామె మొండితనానికి పోయి పెద్దాయన్ని చలికాలమంతా పాతిపెట్టకుండా ఉంచింది అన్నారు. నాకు మోకాళ్ళు పోయాయిగానీ చెవులు బాగానే ఉన్నాయి. నాకు అక్షరం ముక్క రాదు, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మన సంఘం పత్రికలో వేయడానికి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పాస్టరు గారు అడిగారు. చెబుతాను. నా జవాబు కూడా అందులోనే ఉంటుంది, వేరే చెప్పక్కర్లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. కూతురింట్లో తల్లి ఉండటమే మన వైపు నామోషీ. వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే కప్పు కింద ఉండటమంటే ఇక చెప్పేదేముంది. మా అమ్మాయి డెట్రాయిట్‌లో నర్సు. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఉప్పెన వచ్చిపోయిన రెండో ఏడు, పెద్ద మనవరాలి పురిటికని నేను వచ్చాను. వెళ్ళడం పడలేదు. ఆ తర్వాత మా వియ్యపురాలు గుంటూరు ఆసుపత్రిలో కన్ను మూసింది. ఒక్కగానొక్క కొడుకు గనక మా అల్లుడు తండ్రిని కూడా ఇక్కడికే తెచ్చుకున్నాడు. ఆయనకి పైన గది ఇచ్చారు. నాకు వంటింటి పక్క గది. మొదటి నెల ఆయన కిందికి దిగుతుంటే నేను లేచి నిలబడేదాన్ని. నేను లేచినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి మెట్లెక్కేసేవారు. చివరికి ఒకరోజు సగం మెట్ల మీద నిలబడి అన్నారు:

"చెల్లెమ్మా, నువ్విలా లేస్తూ కూర్చుంటూ ఉంటే నాకు కాఫీ ఎప్పుడు దొరుకుతుంది?"

"మీరు దిగివస్తే దొరుకుతుంది అన్నయ్యగారూ. మెట్ల మీదికి తెచ్చివ్వడానికి నేనేమన్నా మీ సమితి ఆఫీసు బంట్రోతునా?"

ఆ రోజు నుంచి లేవడం మానేశాను.

నేను సమితి అనడానికి కారణం ఉంది. మా వియ్యంకుడు గారు మన దేశంలో పంచాయతీ సమితికి ఒక విడత వైస్ ప్రెసిడెంటుగా చేశారు. ప్రెసిడెంటు కాదు, వైస్. ఆ ఒక్క మాటని ఆయనే ఎప్పుడూ నొక్కి చెప్పేవారు. "మంత్రిగారు వస్తున్నారంటే రోడ్డుకి అటూ ఇటూ సున్నం గీతలు వేస్తారు చూశావా, ప్రెసిడెంటు గారికి కూడా వేసేవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఆ గీతలు జనం కాళ్ళకింద పడి చెరిగిపోయి ఉండేవి. వైస్ ప్రెసిడెంటు అంటే అదే చెల్లెమ్మా, చెరిగిన గీతల మధ్య నడిచేవాడు" అని నవ్వేవారు.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది వియ్యంకుడుగా కాదు. మా పేట పల్లంలో ఉండేది. వానాకాలం వచ్చిందంటే చేలల్లో నీళ్ళన్నీ మా గుడిసెల్లోకి వచ్చి కూర్చునేవి. మంచం మీద పొయ్యి, పొయ్యి పక్కన పిల్లలు, మేకపిల్ల కూడా మంచం మీదే. అలాంటి రోజున ఆయన పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని, వెనక నలుగురితో, ఓట్లకి వచ్చారు. నేను మంచం మీద నుంచే అన్నాను:

"ఓటా? ఎక్కడికొచ్చి వెయ్యమంటావయ్యా, ఈదుకుంటూ రమ్మంటావా?"

వెంట ఉన్నవాళ్ళు నన్ను కసిరారు. ఆయన కసరలేదు. అలాగే నీళ్ళలో నిలబడి, "ఈ నీళ్ళు ఎటు పోవాలమ్మా?" అని నన్ను అడిగారు. అంతకుముందు నన్నెవరూ ఆ మాట అడగలేదు. తూర్పు వైపు చేల గట్లు కోసి కాలవ తీస్తే పెద్ద డ్రెయిన్‌లోకి పోతాయని, చేలవాళ్ళు కోయనివ్వరని చెప్పాను. గెలిచారు. గెలిచాక ఆ కాలవ కోసం ఎన్ని ఆఫీసుల అరుగుల మీద కూర్చున్నారో, ఎందరు మంత్రుల గుమ్మాల ముందు పడిగాపులు పడ్డారో నాకు తర్వాత తెలిసింది. కాలవ తవ్వారు. మా పేట నేల ఆరింది. ఏ చేల గట్లు కోశారో ఆ చేలవాళ్ళు తర్వాతి ఎలక్షన్లో ఆయన్ని ఓడించారు. ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే గెలిచినవాడి ఇంటికి ఆయనే వెళ్ళారట. "ఓడినవాడు ముందు చెయ్యి కలపాలి. గెలిచినవాడు ఎటూ కలుపుతాడు, అందులో ఘనతేముంది" అనేవారు.

కొన్నేళ్ళకి మా అమ్మాయి నర్సు ట్రైనింగు అయ్యాక ఆయనే సంబంధం అడిగి పంపారు. మంచం మీద నుంచి తిట్టినావిడ కూతురైతే మావాడికి సరిపోతుంది అన్నారట.

ఇక ఇక్కడి సంగతి. మేముండే టౌన్‌షిప్పు, అంటే ఇక్కడి పంచాయతీ, డెట్రాయిట్ శివారు నోవైకి పడమట. ఇల్లు దాటి మూల తిరిగితే పాత సమాధుల తోట ఉంది. మన కూడికకి వచ్చేవాళ్ళు కారులో దాని పక్క నుంచే వస్తారు, చూసి ఉండరు. మంచు లేని నెలల్లో మా వియ్యంకుడు గారు ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా వేసుకుని, పైన మా అల్లుడి పాత కోటు తొడుక్కుని, రోజూ అక్కడికి నడిచేవారు. నాకు మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాడు గనక నేనూ వెళ్ళేదాన్ని. ఆయన రాళ్ళ మీద రాతలు చదివి నాకు చెప్పేవారు.

ఆ తోటలో ఉన్నవాళ్ళలో ఎంతమంది రాజకీయం చేసినవాళ్ళో మీకు తెలుసా? ఒక సెనేటరు ఉన్నాడు. ఒక జడ్జి ఉన్నాడు, ఇక్కడ జడ్జీలకి కూడా ఓట్లేస్తారు. షెరీఫుగా చేసినాయన ఒకడు. పక్క టౌన్‌షిప్పు తోటలో వాషింగ్టను దాకా వెళ్ళిన కాంగ్రెసు మెంబరు ఉన్నాడు. మా వియ్యంకుడు గారికి వీళ్ళని వెతకడం ఒక పిచ్చి అయిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక కారెక్కి కూర్చుని, "ఒరేయ్, ఉత్తరం వైపు రోడ్డులో ఒక తోట ఉందట, అక్కడ గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయినాయన ఉన్నాడట, పద, పలకరించి వద్దాం" అనేవారు.

మా అల్లుడు స్టీరింగు పట్టుకుని, "నయాగరా చూపిస్తానంటే వద్దంటారు. శ్మశానాలకి మాత్రం డ్రైవ్ చేయమంటారు. నాన్నా, ఫ్రెండ్స్ వీకెండ్ ఏం చేశావని అడిగితే నేనేం చెప్పాలి?" అనేవాడు.

"పార్టీ పని మీద తిరిగానని చెప్పు."

పిల్లలకి మాత్రం అదే ఇష్టం. తాతయ్య ఒక్కో రాయి ముందు నిలబడి మీటింగు పెట్టేవారు. రాయి మీద రెండు ముక్కలుంటే ఆయన అరగంట చదివేవారు. నాకు చదువు రాదుగానీ ఏ రాత ఎంత పొడుగుందో కళ్ళకి కనబడుతుంది కదా. "అన్నయ్యగారూ, అక్కడ ఒక వరసే ఉంది, మీరు చెప్పింది పది వరసలు" అంటే, "మిగతాది ఆయన నాకు విడిగా చెప్పాడు" అనేవారు. సెనేటరు గారి రాయి తాటిచెట్టంత ఉంటుంది. "ఇంత ఎత్తు కట్టించుకున్నాడంటే ఆఖరి ఎలక్షన్లో ఓడిపోయుంటాడు" అన్నారు. "పోయినవాళ్ళ దగ్గర మీటింగు పెడితే ఒక సుఖం ఉంది చెల్లెమ్మా, మధ్యలో ఎవరూ లేచిపోరు" అన్నారు.

అలా తిరుగుతున్న రోజుల్లోనే, మా ఇంటి దగ్గర తోటలోనే, పల్లపు మూలన, పాచి పట్టి ఒరిగిన చిన్న రాయి ఒకటి దొరికింది. ఆయన వంగి, వేలితో పాచి గీకి, చదివి, మళ్ళీ చదివి, గడ్డి మీద కూర్చుండిపోయారు.

"ఏమైంది?"

"చెల్లెమ్మా, ఈయన కాలవల కమిషనరు. ఈ కౌంటీలో, అంటే జిల్లాలో, మురుగు కాలవలు తవ్వించడానికి జనం ఓట్లేసి పెట్టుకున్నవాడు."

"కాలవలకి కూడా ఎలక్షనా?"

"అదే నేనూ అనుకుంటున్నా. మన దగ్గర కాలవ గట్టున కాపలా తిరిగే లస్కరు నుంచి ఇంజనీరు దాకా గవర్నమెంటు పెట్టినవాళ్ళే. నేను ఒక్క కాలవ కోసం ఎన్ని గుమ్మాలెక్కాను. ఇక్కడ ఆ పనికే ఒక పదవి ఉంది, చూడు."

ఆ రోజు నుంచి మాకు సెనేటర్లూ జడ్జీలూ వెనకబడిపోయారు. ఏ తోటకి వెళ్ళివచ్చినా చివరికి కాలవలాయన దగ్గర కాసేపు కూర్చునే ఇంటికి వచ్చేవాళ్ళం. ఆయన తాలూకు మనుషులెవరూ వచ్చిన గుర్తు లేదు. ఒక పువ్వు లేదు, జెండా లేదు.

ఆ సంవత్సరం ఈస్టరు దగ్గరపడింది. మన వైపు ఈస్టరంటే ముందురోజే సమాధులకి సున్నం కొట్టి, తెల్లారకముందే కొవ్వొత్తులు తీసుకెళ్ళి వెలిగించాలి గదా. మాకు ఇక్కడ సున్నం కొట్టడానికి సొంతవాళ్ళ సమాధి ఒక్కటీ లేదు. "మా ఆవిడకి ఊళ్ళో ఎవరన్నా కొట్టారో లేదో" అన్నారాయన. మళ్ళీ ఆయనే, "కాలవలాయనకి కొడదాం" అన్నారు.

హార్డ్‌వేరు షాపులో సున్నం బస్తా దొరికింది. గడ్డికి చల్లుకునే సున్నమని మాకేం తెలుసు. బకెట్లో పోసి నీళ్ళు పోశాను. మన సున్నమైతే కుతకుత ఉడికి పొగలు కక్కాలి. ఇది చల్లగా అలాగే కూర్చుంది.

"ఉడకదేమిటి అన్నయ్యగారూ?"

"ఈ దేశంలో సున్నానికి కూడా చలే చెల్లెమ్మా. గంజి కలుపు, అంటుకుంటుంది."

గంజి కలిపాను. అల్లుడి పెయింటు బ్రష్షు తీసుకెళ్ళి ఇద్దరం రాయికి ముందూ వెనకా రెండు పూతలు వేశాం. తెల్లగా, కొత్తగా, మన ఊళ్ళోలాగే ఉంది. మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళేసరికి వాన. సున్నమంతా కారి గడ్డి మీద పాల మడుగులా నిలిచింది.

సోమవారం టౌన్‌షిప్పు క్లర్కు మా ఇంటికి వచ్చింది. ఆమెది కూడా ఓట్లేస్తే వచ్చే పదవే. ఎవరో చూసి చెప్పారట. రాయికి ఎందుకు రంగు పూశారని అడిగింది. మా అల్లుడు సిగ్గుతో చచ్చిపోతూ సారీలు చెబుతున్నాడు. మా వియ్యంకుడు గారు పైకి వెళ్ళి ఖద్దరు చొక్కా మార్చుకుని దిగివచ్చి, ఎదురుగా కూర్చుని, "మేడమ్, ఐ యామ్ ఆల్సో పొలిటీషియన్. హి ఈజ్ మై కొలీగ్" అన్నారు. ఈస్టరు సంగతి, సున్నం సంగతి, ఆయన తవ్వించిన కాలవ సంగతి తన ఇంగ్లీషులో నిదానంగా చెప్పారు. ఆమె వింటూ నేనిచ్చిన కాఫీ తాగేసింది. పాత రాళ్ళకి ఏమీ పూయకూడదట, ఉత్త నీళ్ళతో కడగవచ్చట. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పింది. కాలవలాయన చాలాసార్లు గెలిచి, ఎవరో పెద్ద రైతుల పొలాల్లోంచి కాలవ తీసినందుకు చివరికి ఓడిపోయాడట. ఆ మాట విని ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. మా అల్లుడికి ఇప్పటికీ ఆ చూపు అర్థం తెలియదు.

సున్నం పూయడం తప్పని నేను ఆ రోజూ అనుకోలేదు, ఇవాళా అనుకోను. ఆ వేసవిలో తోట మొత్తం మీద కాలవలాయన చుట్టూ గడ్డి ఎంత పచ్చగా పెరిగిందో వెళ్ళి ఆ క్లర్కమ్మనే అడగండి.

ఇక పోయినేడు. ఊరి నుంచి ఆయనకి తెలుగు పేపరు పోస్టులో వచ్చేది, అదీ నెల ఆలస్యంగా. ఒకరోజు అది చదివి మడిచి పక్కన పెట్టి మధ్యాహ్నం అన్నం తినలేదు. నడకకి వెళ్ళాం. కాలవలాయన దగ్గర కూర్చున్నాక చెప్పారు.

"సమితులు తీసేశారు చెల్లెమ్మా. మండలాలట. నేను దేనికి వైస్ ప్రెసిడెంటునో అది ఇప్పుడు లేదు."

ఓదార్చడం నాకు చేతకాదు.

"మా పేట కాలవ ఉందా?" అన్నాను.

"ఉంది."

"నీళ్ళు పోతున్నాయా?"

"పోతున్నాయని మొన్ననే మేనల్లుడు ఫోన్లో చెప్పాడు."

"మరింకేం."

తర్వాత ఆ రాయి పక్కన ఖాళీ నేల మీద చెయ్యి పెట్టి అన్నారు. "నన్ను ఇక్కడ పెట్టించు. ఈయన పక్కన. నిలువు రాయి పెట్టించు, చిన్నదైనా సరే. సమితి వైస్ ప్రెసిడెంటు అని రాయించు. లేని పదవైతేనేం, ఇక్కడున్న వీళ్ళ పదవులు మాత్రం ఉన్నాయా?"

"మీ అబ్బాయికి చెప్పండి. నాకెందుకు చెబుతారు?"

"వాడికి చెబితే, నాన్నా అలాంటి మాటలొద్దు అంటాడు. కాగితం మీద రాస్తే ఎక్కడో పెట్టి మర్చిపోతాడు. నీకు చదువు రాదు గనక నీకు చెప్పింది ఎక్కడికీ పోదు."

ఆ మాట నాకు పొగడ్తో తిట్టో ఇప్పటికీ తెలియదు.

జనవరిలో ఆయన పోయారు. ఆ సాయంత్రమే పాస్టరు గారూ, ఇద్దరు సంఘ పెద్దలూ మా ఇంటికి వచ్చారు. హైవే పక్కన కొత్తగా కట్టిన పెద్ద సమాధుల పార్కులో చోటు మాట్లాడదామన్నారు. అక్కడ మిషన్లున్నాయి, నేల గడ్డకట్టినా తవ్వుతారు, ఎల్లుండికల్లా భూస్థాపన అయిపోతుంది. మన దేశంలో పొద్దున పోతే సాయంత్రానికి మట్టి. ఎల్లుండి అన్నా అందరికీ ఆలస్యంగానే ఉంది.

నేను ఆయన కోరిక చెప్పాను.

మా అల్లుడు తల పట్టుకున్నాడు. "అత్తయ్యా, పాత తోటలో చలికాలం తవ్వరు. మంచు కరిగి నేల మెత్తబడేదాకా పెట్టెను అక్కడి రాతిగదిలో ఉంచుతారు. మార్చి, ఏప్రిల్ అవుతుంది. నాన్నని అన్ని రోజులు..." అని ఆపేశాడు.

సంఘ పెద్దల్లో ఒకాయన, "అమ్మా, ఆయన అలా అన్నట్టు కాగితం ఏమన్నా ఉందా?" అని అడిగారు.

"నాకు చదువు లేదు బాబూ, నాలుక ఉంది. ఆయన చెప్పిన మాట చెప్పాను."

"కొత్త పార్కు శుభ్రంగా ఉంటుంది అత్తయ్యా. రాళ్ళన్నీ నేలకి సమంగా పలకల్లా పెడతారు. గడ్డి కోసే మిషను వెళ్ళడానికి వీలుగా."

"ఆయన మీద నుంచి మిషను పోతుందా?"

"అందరి మీద నుంచీ పోతుంది."

నాకు ఏడుపు రాలేదు, ఓపిక అయిపోయింది. ఇన్నాళ్ళు ఎవరింట్లో ఉన్నానో, ఎవరి అన్నం తింటున్నానో నాకు తెలుసు. కానీ ఒక మాట అన్నాను. మా ఇంట్లో ఏ తగువు వచ్చినా, టీవీలో ఏది పెట్టాలన్నా, పండగకి ఏ కూర వండాలన్నా, మా వియ్యంకుడు గారు "చేతులెత్తండి" అనేవారు. పిల్లల చేతులకి కూడా పెద్దవాళ్ళ చేతులతో సమానంగా లెక్క. "ఈ ఇంటి పద్ధతి ఈ ఇంట్లోనే చేద్దాం. చేతులెత్తండి. పాస్టరు గారు ఇంటివారు కాదు గనక వారికి ఓటు లేదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

పాత తోటకి ముందు నేనెత్తాను. పిల్లలిద్దరూ ఎత్తారు. పెద్దది, "తాతయ్య వాంటెడ్ టు బి విత్ ద కాలవ మ్యాన్. హి టోల్డ్ మీ టూ" అంది. అంత కాలం నాకు ఒక్కదానికే చెప్పారనుకున్నాను. మా అమ్మాయి భర్త వైపు చూసింది, ఒళ్ళో చేతులు చూసుకుంది, ఆఖరికి కుడిచెయ్యి చెవి దాకా ఎత్తింది. ఈ వాక్యం దగ్గర తన కలం ఆగింది. రాయమ్మా, జరిగిందే కదా, అన్నాను.

ఆ పైన, కొత్త పార్కు కావాలన్నవాళ్ళని ఎత్తమన్నాను. మా అల్లుడు చెయ్యి ఎత్తలేదు. లేచి నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. షేక్‌హ్యాండు ఇవ్వడం నాకు అలవాటు లేదు, రెండు చేతులతో పట్టుకున్నాను. "ఓడినవాడు ముందు చెయ్యి కలపాలి కదా అత్తయ్యా" అన్నాడు. అని, టౌన్‌షిప్పు క్లర్కుకి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళాడు.

అదండీ జరిగింది. మొండితనమంటే మొండితనమే.

ఆ రాతిగది తోటలో గుట్ట పక్కకి తొలిచి కట్టినది. ఇనుప తలుపు. మిషన్లు లేని రోజుల్లో చలికాలం పోయినవాళ్ళందరూ అందులోనే ఉండేవాళ్ళట. సెనేటరూ, జడ్జీ, కాలవలాయనా. "ఇది వీళ్ళ వెయిటింగ్ రూము" అని ఆయనే ఒకసారి నాకు చూపించారు. ఆయన్ని అందులో పెట్టిన రోజు మన కూడికలో కొందరు మొహం తిప్పుకున్నారు. నేను ఏమనుకున్నానో చెబుతాను. ఆయనకి గుమ్మాల ముందు కూర్చోవడం కొత్త కాదు. మా పేట నేల ఆరడానికి ఎండల్లో కూర్చున్నారు. తన నేల మెత్తబడేదాకా చలిలో కూర్చోలేరా?

కానీ నాకు మాత్రం ఈ చలికాలం చాలా పొడుగైంది. ఆయన గది పైన ఖాళీగా ఉంది. కాఫీ ఇద్దరికి కలిపి ఒక గ్లాసు పారబోసేదాన్ని. దారిలో మంచు తీసిన రోజుల్లో మా అమ్మాయి నన్ను కారులో దింపితే ఆ ఇనుప తలుపు ముందు నిలబడి ఇంటి కబుర్లు చెప్పేదాన్ని. పెద్దది స్కూల్లో ఏదో ఎలక్షన్లో నిలబడి ఓడిపోయిందని చెప్పాను. ముందు చెయ్యి కలిపిందని కూడా చెప్పాను. చేతివేళ్ళు మొద్దుబారేవి. కొన్నిసార్లు, నిజం చెప్పాలంటే, వాళ్ళన్నదే సబబేమో, ఎల్లుండికల్లా అయిపోయుంటే అందరం నిద్రపోయేవాళ్ళం గదా అని కూడా అనిపించింది. అలసట అలాంటి మాటలు చెబుతుంది. వినలేదు.

మార్చి ఆఖరుకి మంచు కరిగింది. మట్టలాదివారానికి ముందు శనివారం తవ్వారు. పల్లపు మూల గనక గోతిలో అడుగున నీళ్ళు ఊరాయి. తవ్వేవాళ్ళు పారతో పక్కకి చిన్న పాయ తీసి, ఆ నీళ్ళు తోడి అందులోకి వదిలారు. ఆ నీళ్ళు కాలవలాయన రాయి పక్కగా జారి, కంచె దాటి, రోడ్డు పక్క పాత కాలవలోకి పోయాయి. ఆ కాలవ కాలవలాయన హయాంలో తీయించిందేనని క్లర్కమ్మ చెప్పింది. ఆమె కూడా వచ్చి నిలబడింది. "నీళ్ళకి పార్టీ లేదు చెల్లెమ్మా, పల్లం ఒక్కటే" అని మా వియ్యంకుడు గారు ఎన్నోసార్లు అన్నారు. గోతి అడుగు ఆరేదాకా ఆగమన్నాను. ఆగారు. అప్పుడు పెట్టె దించారు. పాస్టరు గారు బాగా ప్రార్థన చేశారు, ఆ మాట కూడా రాయించాలి.

రాయి వేసవికి గాని రాదు. మొన్న ఈస్టరు ముందురోజు సున్నం కొట్టడానికి ఆయనకి రాయి లేదు. కాలవలాయన రాయిని నీళ్ళతో కడిగాను, చెప్పినట్టే. గ్యారేజీలో అప్పటి సున్నం బస్తా సగం అలాగే ఉంది. దాన్ని కారులో పెట్టమన్నాను. మా అల్లుడు ఎందుకని అడగలేదు.

తోట గేటు దగ్గర మొదలుపెట్టి, దారికి ఎడమ పక్కన, గుప్పెళ్ళతో సున్నం జారవిడుస్తూ గీత వేసుకుంటూ నడిచాను. మోకాళ్ళు వంగనివ్వవు, గీత తిన్నగా రాలేదు. వెనక చప్పుడైతే చూశాను. కుడి పక్కన మా అల్లుడు, ఆఫీసు ప్యాంటు మీదే, రెండో గీత వేస్తున్నాడు. సెనేటరు గారి ముందు నుంచి, జడ్జిగారి ముందు నుంచి, పల్లపు మూల దాకా రెండు తెల్లటి గీతలు పడ్డాయి. మధ్యలో ఎవరూ నడవలేదు. మేమిద్దరం గడ్డి మీద నుంచే వెనక్కి వచ్చాం.

గేటు దగ్గరికి వచ్చేసరికి సన్నగా జల్లు మొదలైంది. కారెక్కకుండా కాసేపు నిలబడి చూశాను. గీతలు ఇంకా చెరగలేదు. అంచులు మాత్రం తడిసి, కొంచెం కొంచెంగా పల్లం వైపు కదులుతున్నాయి.